కిస్‌మిస్ లేని చక్కెర పొంగలి

మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున స్టవ్ మీద చక్కెర పొంగలి కుతకుతలాడుతుంటే, మా అమ్మాయి వంటింటి గట్టు మీదికి ఎగిరి కూర్చుని కుక్క కావాలంది. కొత్తేం కాదు, ఏడాదిగా ఇదే పాట. ఈసారి మాత్రం వాళ్ళ నాన్నని వెంటేసుకుని దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి వెళ్ళి, ఒకదాన్ని చూసి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుని వచ్చింది. "నాకు డాగ్స్ అంటే అస్సలు భయం లేదమ్మా" అని చేతులు తిప్పుతూ చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. భయం లేకపోవడం కూడా ఒక గొప్పేనా అని కసిరాను. ఎందుకంత కోపం వచ్చిందో ఆ పిల్లకి తెలీదు. చిన్న మూకుడులో నెయ్యి కాగి, జీడిపప్పు ఎర్రబడుతోంది. ఆ వాసనతో పాటు తడిసిన కుక్క బొచ్చు వాసన కూడా నా ముక్కుకి తగిలింది. మా ఇంట్లో కుక్క లేదు. పుట్టింట్లో కూడా ఎప్పుడూ లేదు, ఒక్క వేసవి తప్ప.

అప్పుడు మేం నార్త్ కరొలైనాలో, క్యారీలో ఉండేవాళ్ళం. ఇంటి చుట్టూ పైన్ చెట్లు, వెనక చెక్క అరుగులాంటి డెక్, ఎండాకాలం వచ్చిందంటే జిగట చెమట, చెవులు దిమ్మెక్కేలా కీచురాళ్ళ రొద. నాకు పదేళ్ళుంటాయి. నాన్నకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ ఇంట్లోనే. ఆ ఏడు అమ్మమ్మ తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చింది. విమానమంటే భయమని తాతయ్య రాలేదు. నాకు తెలుగు అక్షరాలు దిద్దబెట్టింది అమ్మమ్మే. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆవిడ చలవే.

క్లాసులో అందరిళ్ళలోనూ కుక్కలుండేవి. వాటి ముచ్చట్లు విని విని నాకూ కావాలని పట్టుబట్టాను. కాని మా ఇంట్లో కుక్కలంటే భయం తరతరాల ఆస్తి. అమ్మని చిన్నప్పుడు తెనాలిలో వీధికుక్క కరిచి, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిచారట. ఆ కథ ఎప్పుడు చెప్పినా చెయ్యి తనకి తెలీకుండానే పొట్ట మీదికి పోయేది. సాయంత్రం వాకింగ్‌లో ఎదురుగా కుక్క వస్తే అమ్మ కాలిబాట దిగి గడ్డిలోకి వెళ్ళిపోయేది. దాని యజమాని నవ్వుతూ, ఏం చెయ్యదు, మంచిది అని చెప్పేవాడు. "మంచిదని వాడు చెప్తే ఎలా, కుక్క చెప్పాలి గదా" అని అమ్మ గొణిగేది. అమ్మమ్మ సంగతి సరేసరి, టీవీలో కుక్క మొరిగినా కాళ్ళు సోఫా మీదికి లాక్కునేది.

నాన్న భయం ఇంకో రకం. ఆయనకి కుక్క కరుస్తుందని కాదు, కుక్క ఉంటుందని భయం. ఉద్యోగం పోతే, ఊరు మారితే, వీసా తిరగబడితే, ఇండియా వెళ్తే దాని గతేమిటని. "మనకే ఇక్కడ గ్యారంటీ లేదు. మళ్ళీ దానికి నేనెక్కణ్ణించి గ్యారంటీ తేవాలి?" అనేవాడు. నేను అన్నం మానేసి ఏడ్చేదాన్ని. పూట గడవకముందే ఆకలేసి తినేసేదాన్ననుకోండి.

మా ఊళ్ళో తెలుగువాళ్ళకి ఒక ఆనవాయితీ ఉండేది. వేసవిలో ఇండియా వెళ్ళేవాళ్ళు కరివేపాకు మొక్కని ఒకరింట్లో, ఉత్తరాల పెట్టె తాళం ఇంకొకరింట్లో వదిలి వెళ్ళేవారు. తిరిగొచ్చాక ఊరగాయో స్వీట్లో ఇచ్చి తెచ్చుకునేవారు. ఎవరూ కాదనకూడదు, ఎందుకంటే మరుసటి వేసవికి మన వంతు వస్తుంది. అలా ఆ వేసవి, నా క్లాస్‌మేట్ వాళ్ళ అమ్మానాన్నలు, నేను ఆంటీ అంకుల్ అని పిలిచేవాళ్ళు, కరివేపాకు కుండీతో పాటు వాళ్ళ కుక్కని కూడా మా ఇంట్లో పెడతామన్నారు. డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట అది తిండి మానేసి ఏడుస్తుందట. అమ్మ మొహం పాలిపోయింది. నాన్న మాత్రం నా వైపు తిరిగి, "ఈ వేసవి దాన్ని చూసుకో. చూసుకోగలిగితే అప్పుడు మన కుక్క సంగతి మాట్లాడదాం" అన్నాడు. నేను పండక్కి గెంతినట్టు గెంతాను.

వచ్చినవాడు లాబ్రడార్. నల్లగా, నిగనిగలాడుతూ, నా నడుమెత్తు. వాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరేదో ఉంది, మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ పేరుతో పిలవలేదు. వాడు గుమ్మం దాటి లోపలికి రాగానే అమ్మమ్మ డైనింగ్ టేబుల్ కుర్చీ ఎక్కి నిలబడింది. అమ్మ వంటింట్లోకెళ్ళి, పసిపిల్లలకి అడ్డం పెట్టే చిన్న గేటు వేసుకుని, దాని వెనకనించి మర్యాదగా నవ్వింది. ఆంటీ ఆ గేటు ఇవతల నిలబడే జాగ్రత్తలన్నీ చెప్పింది. పొద్దునా సాయంత్రం నడిపించాలి. లీష్, అదే మెడతాడు, లేకుండా బయటికి వదలకూడదు. గంటల తరబడి ఒంటరిగా పెట్టకూడదు. చాక్లెట్ పెట్టకూడదు, ఉల్లిపాయ పెట్టకూడదు, గ్రేప్స్ పెట్టకూడదు. అసలు మన తిండేదీ వద్దు, జాలిగా చూస్తాడు, కరిగిపోకండి అంది. వాళ్ళమ్మాయి కుక్క మెడ చుట్టూ చేతులేసి ఏడ్చి ఏడ్చి, కార్ ఎక్కబోతూ మళ్ళీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"థండర్ అంటే వాడికి భయం. నువ్వు పక్కన సిట్ చెయ్, ఓకే?"

సరేనని తలూపాను. అప్పటికి ఆ మాట బరువు నాకు తెలీదు.

మొదటి వారంలోనే నా సరదా సగం వదిలింది. పొద్దున్నే నిద్రమొహంతో లేచి మంచులో తడిసిన గడ్డిలో నడిపించాలి. వాడు నడిచేవాడు కాదు, నన్ను లాక్కుపోయేవాడు. వాడు దొడ్డికి కూర్చుంటే ప్లాస్టిక్ సంచీ చేతికి తొడుక్కుని తియ్యాలి. ఆ పని నాన్న మీదికి తోశాను. కిటికీలోంచి చూసిన అమ్మమ్మ చెంపలేసుకుని, ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా అని నాన్న వాళ్ళమ్మ తరఫున తనే బాధపడింది. ఇల్లంతా నల్ల వెంట్రుకలు. పప్పులో ఒకటి కనిపించిన రోజు అమ్మ ఆ పూట అన్నం తినలేదు. శనివారం గుడికెళ్తే తీర్థం తీసుకుని పరుగున ఇంటికి రావడమే. పక్క ఊరు రాలీలో ఎవరింట్లోనో పుట్టినరోజుకి పిలిస్తే, ఇంట్లో వాడొక్కడూ ఉంటాడని కేక్ కొయ్యకముందే లేచొచ్చేశాం.

అమ్మమ్మ మాత్రం వాడు హాల్లో ఉంటే పైన గదిలో, వాడు పైకొస్తే హాల్లో. ఇలా ఇద్దరూ దాగుడుమూతలాడారు. ఒక మధ్యాహ్నం పెద్ద ఉరుము ఉరిమింది. కరొలైనా వేసవి వానలు అంతే, చెప్పాపెట్టకుండా మీదపడతాయి. ఇల్లు అదిరింది. వాడు పరిగెత్తుకెళ్ళి డైనింగ్ టేబుల్ కింద దూరాడు. అమ్మమ్మ అప్పుడు ఆ టేబుల్ దగ్గరే కూర్చుని చిక్కుళ్ళు ఈనె తీస్తోంది. నేను వెళ్ళేసరికి కుర్చీ మీదికి ఎక్కబోయినావిడ ఆగి, వంగి, కిందికి చూస్తోంది. అంత పెద్ద కుక్కా గజగజ వణుకుతోంది. గోళ్ళు చెక్క నేల మీద టకటకలాడుతున్నాయి.

"అయ్యో అబ్బాయ్, నీక్కూడా భయమేనా?" అంది.

ఆ మాటతో వాడు అబ్బాయి అయిపోయాడు. నేను టేబుల్ కింద వాడి పక్కన కూర్చున్నాను. అమ్మమ్మ వాన తగ్గేదాకా ఆ చిక్కుళ్ళే ఈనెలు తీస్తూ, కాలి బొటనవేలు మాత్రం వాడి తోకకి ఆనించి ఉంచింది. భయపడుతూనే ఉంచింది. సాయంత్రం నాన్న రాగానే, పాపం వాడు మనకంటే పిరికివాడు అని చెప్పింది.

అమ్మమ్మకి ఒక అలవాటుంది. అన్నం వండగానే మొదటి ముద్ద బయటి జీవానికి పెట్టకుండా తాను తినేది కాదు. తెనాలిలో గోడ మీద కాకికో, వీధిలో కుక్కకో పెట్టేది. ఇక్కడ డెక్ రెయిలింగ్ మీద పెడితే ఉడతలు వాసన చూసి పోయేవి. ఈ ఊరి కాకులకి అన్నం రుచి తెలీదే అని దిగులు పడేది. ఇక ఇంట్లోనే ఒక జీవం దొరికేసరికి ఆగలేకపోయింది. మన తిండి పెట్టొద్దని ఆంటీ చెప్పింది కదా అంటే, "ఈ గులకరాళ్ళు తిని ఎలా బతుకుతాడే? ఇంటికొచ్చినవాడికి ఒక్క పూటైనా వండిన మెతుకు పెట్టకపోతే ఎట్లా?" అంది. వాడి డాగ్ ఫుడ్‌ని గులకరాళ్ళనేది. అమ్మ కళ్ళుగప్పి లాండ్రీ రూమ్ గుమ్మంలో రోజూ ఒక పెరుగన్నం ముద్ద. నేను కాపలా. వాడేమో తిని, మీసాలకంటిన మెతుకులు నాక్కుని, అమ్మ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పడుకునేవాడు. వాడికేం కాలేదు. పైగా బొచ్చు నిగారించింది. దాంతో మాకు ధైర్యం వచ్చేసింది.

శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. అమ్మ పట్టుచీర కట్టి, కాళ్ళకి పసుపు రాసుకుని, హాల్లో పీట వేసి కలశం పెట్టింది. మడి అని పొద్దుటినించీ వాణ్ణి లాండ్రీ రూమ్‌లో పెట్టి తలుపేశారు. ఇల్లంతా సాంబ్రాణి పొగ, నెయ్యి, ఏలకుల వాసన. తలుపు వెనక వాడి మూలుగు. కథ చదువుతున్నంతసేపూ అమ్మమ్మ చెవి అటే ఉంది. నైవేద్యం అయ్యాక చేతికి తోరాలు కట్టుకుని, అమ్మ లోపల ఫోన్‌లో ఎవరినో పేరంటానికి పిలుస్తుంటే, అమ్మమ్మ ఒక పేపర్ ప్లేట్ తీసుకుని చక్కెర పొంగలి వడ్డించింది.

"పండగ పూట వాణ్ణి గదిలో పెట్టి తలుపేసి మనం తింటే గొంతు దిగుతుందా?" అంది నాతో.

వడ్డించి ఊరుకోలేదు. గిన్నెలో పైపైన తేలిన నేతి జీడిపప్పూ, ఉబ్బిన కిస్‌మిస్‌లూ గుప్పిట నిండా ఏరి వాడి ప్లేట్‌లో వేసింది. అల్లుడికి వడ్డించినట్టు. పొంగలి వేలితో తాకి చల్లారిందో లేదో చూసి మరీ పెట్టింది. వాడు నమలడం కూడా లేదు, ఊదేశాడు. ప్లేట్ నేల మీద జారుతుంటే దాన్ని నాకుతూ గదంతా తిరిగాడు. నేను నవ్వి నవ్వి చచ్చాను. తృప్తిగా తిన్నాడమ్మా అని అమ్మమ్మ చేతులు కడుక్కుంది.

తరవాత మేం ముగ్గురం తినడానికి కూర్చున్నాం. నాకు పొంగలిలో కిస్‌మిస్ పంటికి తగిలితే వికారం. ఎప్పట్లాగే ఏరి ప్లేట్ అంచున పెడుతున్నాను. ఎప్పట్లాగే అమ్మ కసిరింది. ద్రాక్షపళ్ళు గిన్నెలు గిన్నెలు తింటావు, అవే ఎండితే ఎందుకే తినవు అంది.

నా చెయ్యి ఆగిపోయింది. ఆంటీ మా హాల్లో నిలబడి చెప్పిన మాట మళ్ళీ వినపడింది.

"అమ్మా, కిస్‌మిస్ అంటే గ్రేపేనా?"

"అవును. ఎందుకు?"

నేను అమ్మమ్మ వైపు చూశాను. ఆవిడ నోట్లో పెట్టుకోబోయిన ముద్ద ప్లేట్‌లోకి జారింది. అమ్మకి అర్థం కావడానికి రెప్పపాటు పట్టింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అమ్మ మొహంలో భయం తప్ప ఇంకేమీ లేదు.

నాన్న ఆఫీస్‌కి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాడు. ఆంటీ ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళిన కుక్కల డాక్టర్ నంబర్‌కి అమ్మ ఫోన్ చేసింది. అవతలావిడ గొంతు నెమ్మదిగానే ఉంది. అయినా ఏమాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చెయ్యమంది. ఆ క్లినిక్ ఊరికి అవతల, హైవే మీద వెళ్ళాలి. అమ్మ లైసెన్స్ తీసుకుని ఎన్నాళ్ళో కాలేదు. స్కూలుకీ, కూరగాయల షాపుకీ తప్ప ఎక్కడికీ డ్రైవ్ చెయ్యలేదు. హైవే ఎక్కడమంటే అమ్మకి కుక్కని ముట్టుకోవడమంత భయం. ఇప్పుడు రెండూ కలిసొచ్చాయి. పక్కిళ్ళవాళ్ళంతా ఆఫీసుల్లో. అమ్మ కాసేపు కార్ తాళాలు పట్టుకుని కలశం ముందు నిలబడింది.

"నేను డ్రైవ్ చేస్తాను. మీరిద్దరూ వెనకాల కూర్చుని వాణ్ణి పట్టుకోండి. నా మీదికి మాత్రం రానివ్వకండి" అంది.

వాడికి కార్ అంటే షికారు. తోక ఊపుతూ ఎగిరెక్కాడు. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది. వాడికేం తెలీదు. లోపల ఏం జరుగుతోందో మాకూ తెలీదు. అమ్మమ్మ ఒక చేత్తో వాడి కాలర్ పట్టుకుంది, ఇంకో చేత్తో వాడి పొట్ట నిమురుతూ, కక్కెయ్యి నాయనా, కక్కెయ్యి అని బతిమాలుతోంది. హైవే మీదికి ఎక్కే చోట అమ్మ వేగం తగ్గించింది. వెనకనించి హారన్లు. పక్కనే ఇల్లంత ట్రక్కు. అమ్మ ఆంజనేయస్వామిని పిలిచి కళ్ళు మూసుకుందేమోనని నేను అద్దంలోకి చూశాను. మూసుకోలేదు. కార్ ట్రక్కుల మధ్యలోకి దూరింది. ఆ కుదుపుకి వాడు మా చేతుల్లోంచి జారి, సీట్ల మధ్యలోంచి మూతి ముందుకి పెట్టి, గడ్డం అమ్మ భుజం మీద ఆనించాడు. జరీ మీద చొంగ కారుతోంది. అమ్మ స్టీరింగ్ వదల్లేదు. మెడ నరాలు బిగిసి కనిపిస్తున్నాయి.

"వాడి మూతి నా భుజం మీదుందా?"

"ఉందమ్మా. లాగెయ్యనా?"

"వద్దు. ఊపిరి తగులుతోంది. ఉండనీ."

క్లినిక్‌లో పట్టుచీరల్లో, తల్లో పూలతో, పసుపు కాళ్ళతో మమ్మల్ని చూసి అందరూ తలలు తిప్పారు. డాక్టర్ తల నెరిసిన పెద్దావిడ. ఎన్ని తిన్నాడని అడిగింది. నేను అమ్మమ్మని తెలుగులో అడిగాను. ఆవిడ తోరం కట్టిన కుడిచెయ్యి గుప్పిట బిగించి, ఆ గుప్పిట డాక్టర్ ముందు తెరిచి చూపించింది. డాక్టర్ ఆ ఖాళీ అరచేతి వైపు కాసేపు చూసి, వాణ్ణి లోపలికి తీసుకెళ్ళమని సైగ చేసింది. వాడు వెనక్కి తిరిగి తిరిగి మమ్మల్ని చూస్తూ వెళ్ళాడు.

"బతుకుతాడా అని అడుగే" అంది అమ్మమ్మ.

నేను అడగలేదు. జవాబు వినాలని లేదు. ఆవిడ మళ్ళీ నా భుజం పట్టుకుంది, అడిగాను. తెలీదు అంది డాక్టర్. కొన్ని కుక్కలకి ఏమీ కాదట, కొన్నిటికి కిడ్నీలు ఆగిపోతాయట, ఏది ఎలా అవుతుందో ముందు చెప్పలేరట. డాక్టర్ నోట తెలీదు అన్న మాట వినడం నాకదే మొదటిసారి. దాన్ని తెలుగులోకి మార్చి అమ్మమ్మకి చెప్పాల్సింది నేనే. 

కక్కించారు. నమలకుండా మింగడం మంచిదే అయింది, కిస్‌మిస్‌లు చాలావరకు అలాగే బయటికొచ్చాయి. అయినా లోపల ఎంత దిగిందో చెప్పలేం, సెలైన్ పెట్టి రెండు రోజులు చూడాలన్నారు. అమ్మమ్మ చీర కొంగున మిగిలిన తోరం ఒకటి ముడేసి ఉంది. అది వాడి కాలర్‌కి కడతానని సైగలతోనే అడిగింది. అక్కడి అమ్మాయి ఏమీ అడ్డు చెప్పకుండా కాలర్ తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం పేరంటానికి ఆంటీలు వచ్చారు. పిలిచాక రావద్దనలేం కదా. అమ్మ బొట్టు పెట్టింది, తాంబూలాలిచ్చింది, అమ్మమ్మ మాత్రం మూల కుర్చీలోంచి లేవలేదు. విషయం తెలిసి ఒకావిడ, పోనీలెండి, కుక్కే కదా అంది. అమ్మ శనగల గిన్నె కింద పెట్టింది.

"కుక్కేనండీ. కాని మనల్ని నమ్మి మనింట్లో పెట్టి వెళ్ళారు" అంది.

పొద్దుటిదాకా గేటు వెనకనించి తప్ప వాణ్ణి చూడని మా అమ్మేనా అని నోరు తెరిచి చూశాను.

నాన్న వచ్చాక ఇద్దరికీ గొడవ. రిపోర్ట్ వచ్చేదాకా ఆగి, బాగుంటే చెప్పనే అక్కర్లేదని నాన్న. మన పిల్ల వాళ్ళింట్లో ఉండి ఆస్పత్రిలో పడితే, వాళ్ళు చెప్పకుండా ఆగితే మీరు ఊరుకుంటారా అని అమ్మ. ఇండియాలో తెల్లవారేదాకా ఆగి, కాలింగ్ కార్డ్ గీకి, ఆ పొడుగాటి నంబర్లన్నీ నొక్కి నాన్న ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పి సారీ అన్నాడు. అవతల అంకుల్ మాట్లాడలేదు. కార్డ్‌లో నిమిషాలు అయిపోతున్నా మాట్లాడలేదు. తరవాత వాళ్ళమ్మాయి ఫోన్ తీసుకుని నన్ను పిలవమంది. తిడుతుందనుకున్నాను.

"అక్కడ వాడు అలోన్‌గా ఉన్నాడా?"

"డాక్టర్స్ ఉన్నారు" అన్నాను.

"థండర్ వచ్చిందా?"

కిటికీలోంచి చూశాను. పైన్ చెట్ల మీద ఆకాశం నల్లబడి ఉంది. ఇంకా రాలేదు అన్నాను. ఫోన్ పెట్టేసిన కాసేపటికే వచ్చింది. క్లినిక్‌లో వాడి పక్కన కూర్చునేవాళ్ళెవరున్నారో తెలీదు. నేను సిట్ చేస్తానని మాటిచ్చాను. లాండ్రీ రూమ్ గుమ్మంలో అమ్మమ్మ కూలబడి ఉంది, ఎదురుగా వాడి దుప్పటి. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ప్రతి ఉరుముకీ ఆవిడ చెయ్యి ఆ దుప్పటి మీద వేస్తోంది. "నేను పెట్టిన ముద్దేనే" అంది ఒకసారి.  అంత భయం నాకు ఆ తరవాత నా కాన్పు రోజున కూడా వెయ్యలేదు.

రెండు రోజులూ ఇంట్లో వంట సరిగ్గా సాగలేదు. ఏది ముట్టుకున్నా, ఇది తింటే ఎవరికేమవుతుందో అనిపించేది. ఫోన్ మోగితే ఎవరం ముందు తియ్యాలో తెలియక ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకునేవాళ్ళం. చివరికి రక్తపరీక్షలు బాగున్నాయని, తీసుకెళ్ళొచ్చని కబురొచ్చింది. నాన్న కార్ తీస్తానన్నాడు. నేనే వెళ్తానంది అమ్మ. తిరిగొచ్చేటప్పుడు వాడు మళ్ళీ భుజం మీద గడ్డం పెట్టాడు. రెడ్ లైట్ దగ్గర అమ్మ ఒక చెయ్యి తీసి వాడి తల మీద వేసింది. లైట్ పచ్చబడినా కాసేపు తియ్యలేదు.

ఆంటీవాళ్ళు తిరిగొచ్చి అబ్బాయినీ కరివేపాకు మొక్కనీ తీసుకెళ్ళారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పూతరేకులు కూడా ఇచ్చారు. వాళ్ళమ్మాయి కాలర్‌కున్న పసుపు దారం ఏంటని అడిగి, విప్పకుండా ఉంచింది. అయితే మరుసటి వేసవి మొక్క మా ఇంటికే వచ్చింది, వాడు మాత్రం ఇంకెవరింటికో వెళ్ళాడు. అమ్మ ఆ రోజు కుండీకి నీళ్ళు పోస్తూ చాలాసేపు బయటే ఉండిపోయింది.

నాన్న మాట తప్పే మనిషి కాదు. వాడు వెళ్ళిన వారానికి, పద, మన కుక్కని చూద్దాం అన్నాడు. నాకొద్దు అన్నాను. నాన్న లోపల్లోపల ఊపిరి పీల్చుకుని ఉంటాడు. అమ్మమ్మ మాత్రం, "ఇవాళ వద్దంటే వద్దు. రేపెప్పుడైనా రావచ్చు, ఎవరు చూశారు?" అంది. ఆ రోజే ఫ్రిజ్‌లోని కిస్‌మిస్ డబ్బా తీసి చెత్తలో పోసింది. అప్పణ్ణించీ మా ఇంట్లో పొంగలిలోనూ, పాయసంలోనూ, కేసరిలోనూ కిస్‌మిస్ వెయ్యలేదు. తెనాలి తిరిగి వెళ్ళాక తానూ వెయ్యలేదట. ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న, అబ్బాయి ఎలా ఉన్నాడని. ఆంటీవాళ్ళు కొన్నేళ్ళకి కాలిఫోర్నియా, శాన్ రామన్ వెళ్ళిపోయారు, మాటలు తగ్గాయి. అయినా నాన్న ప్రతిసారీ, బావున్నాడత్తయ్యా అనేవాడు. కుక్కలు అన్నేళ్ళు బతకవని ఆవిడకి తెలీదా? తెలుసు. ఆవిడ పోయేదాకా అడిగింది, ఆయనా అప్పటిదాకా అదే చెప్పాడు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపడం మానేసి వింది. పొంగలి దగ్గరపడింది. జీడిపప్పు కలిపి దించాను. పిల్ల గిన్నెలోకి తొంగి చూసింది.

"ఫ్రెండ్స్ ఇళ్ళల్లో రెయిజిన్స్ వేస్తారు. మనకి ఎప్పుడూ ఉండవు. అందుకేనా?"

"అందుకే."

"బట్ మనింట్లో డాగ్ లేదు కదా."

"లేదు."

గిన్నె వైపు మళ్ళీ చూసింది. "అంటే ఇన్ని ఇయర్స్ నుంచి, డాగ్ ఉన్నట్టే వండుతున్నావా?"

 అలవాటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. స్టవ్ ఆపి, చెయ్యి తుడుచుకుని, ఆ ఫోన్ ఇటు తెమ్మన్నాను. గోధుమరంగు కుక్క, ఒక చెవి పైకి, ఒకటి కిందికి, కటకటాల వెనకనించి చూస్తోంది.

"దీనికి ఉరుములంటే భయమేమో, అక్కడివాళ్ళని అడిగావా?"

"అడగలేదు" అంది. గట్టు దిగింది. "భయమైతే ఎలా అమ్మా? నేను స్కూల్లో ఉన్నప్పుడు థండర్ వస్తే?"

మా అమ్మాయి గొంతులో భయం వినడం అదే మొదటిసారి. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.